తీసేయడమా, ఆపడమా: గ్లోమస్ కణితులకు రేడియోసర్జరీ

రాత్రి ఇల్లు సద్దుమణిగి దిండు మీద తల వాల్చాక ఒక చెవిలో మాత్రమే గుండె చప్పుడు వినిపించడం మొదలవుతుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా హోరు. పగటి సందడిలో తెలియదు, రాత్రి నిద్ర పట్టనివ్వదు. యాభై దాటిన ఆడవాళ్లు ఈ మాట చెబితే ఇంట్లోవాళ్లు బీపీ అంటారు, నీరసం అంటారు, చెవిలో గులిమి పేరుకుపోయి ఉంటుందంటారు. చాలామంది విషయంలో పెద్ద జబ్బేమీ ఉండదు కూడా. కొద్దిమందిలో మాత్రం చెవి డాక్టరు లైటు వేసి చూసినప్పుడు కర్ణభేరి వెనక ఎర్రటి గడ్డ, నాడితోపాటు కొట్టుకుంటూ కనిపిస్తుంది.

దాని పేరు గ్లోమస్ జుగులారే. లాటిన్‌లో గ్లోమస్ అంటే నూలు ఉండ. మెదడు నుంచి రక్తాన్ని కిందికి దించే కంఠసిర పుర్రె అడుగున ఒక రంధ్రం గుండా మెడలోకి వస్తుంది. ఆ సిర అక్కడ కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మీద ఆవగింజకన్నా చిన్న కణాల ముద్ద ఉంటుందని 1941లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో స్టేసీ గిల్డ్ గుర్తించాడు. నాలుగేళ్లకు న్యూయార్క్ చెవి వైద్యుడు హ్యారీ రోజెన్‌వాసర్, తాను ఒక రోగి చెవి నుంచి తీసిన కణితి ఇలాంటి కణాల జాతిదేనని రాశాడు. ఇప్పుడు వైద్యులు ఈ కుటుంబమంతటినీ పారాగాంగ్లియోమా అంటున్నారు. ఒళ్లంతా సన్నని రక్తనాళాలే ఉన్న కణితి ఇది. ఎమ్మారై తీస్తే తెల్లటి కణజాలంలో రక్తం ప్రవహించే చోట్ల నల్లని చుక్కలు పడతాయి. ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టుందని రేడియాలజిస్టులు చెప్పే పోలిక అక్కడిదే.

ఇది అరుదైన జబ్బు. ఏడాదికి పదమూడు లక్షల మందిలో ఒకరికి వస్తుందని వైద్య గ్రంథాల్లో తరచుగా కనబడే అంచనా. ఆ లెక్క మనకూ సరిపోతే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఏటా అరవై, డెబ్బై మంది. మగవారికంటే ఆడవారిలో చాలా ఎక్కువ. ఇంత తక్కువమందికి వచ్చే జబ్బు గురించి ఇంత పొడవునా రాయడమెందుకంటే, కణితికి వైద్యం చేయడమంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబే ఈ చిన్న గడ్డ దగ్గర మారిపోయింది. తీసేయడం నుంచి ఆపడానికి మారింది. ఆ మార్పు చాలామంది రోగుల మేలుకే జరిగిందని నా అభిప్రాయం. అయితే దాన్ని సమర్థించడానికి చూపే అంకెల్ని మనం ఇంకాస్త నిదానంగా చదవాలి.

ముందు కత్తి సంగతి. ఈ గడ్డ ఉన్న చోటే అసలు చిక్కు. కంఠసిర బయటపడే ఆ రంధ్రంలోంచే తొమ్మిదో, పదో, పదకొండో కపాల నాడులు కూడా బయటికి వస్తాయి. పన్నెండోది పక్కనే ఉంటుంది. మింగడం, గొంతు పలకడం, భుజం ఎత్తడం, నాలుక తిప్పడం ఈ నాలుగు తీగల మీద నడుస్తాయి. ముఖాన్ని కదిలించే ఏడో నాడి, వినికిడికి చెందిన ఎనిమిదోది జానెడు దూరం కూడా లేవు. ఇంత ఇరుకు చోట, ముట్టుకుంటే రక్తం చిమ్మే గడ్డ. తొలి రోజుల్లో చాలా ఆపరేషన్లు రక్తస్రావం వల్ల సగంలోనే ఆగిపోయేవి.

1970ల్లో జ్యూరిక్‌లో ఊగో ఫిష్ చెవి వెనక నుంచి కణతల కిందుగా దారి చేసుకుని, ముఖనాడిని దాని కాలువలోంచి తీసి పక్కకు జరిపి, గడ్డను మొత్తంగా బయటికి తీసే పద్ధతిని నిలబెట్టాడు. ఆపరేషన్‌కు ముందు తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం అందించే కొమ్మల్ని మూసేయడం కూడా తోడైంది. ప్రాణనష్టం బాగా తగ్గింది. పుర్రె అడుగు శస్త్రచికిత్సలో అది గొప్ప అధ్యాయం. ఈనాటికీ కొందరు రోగులకు అదే దారి.

అయితే గడ్డ పోయినా మనిషి పూర్వంలా లేచి కూర్చునేవారు కాదు చాలాసార్లు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గడ్డ పదేళ్లపాటు మెల్లగా నొక్కితే పదో నాడి మెల్లగా చచ్చుబడుతుంది. ఈలోగా రెండోవైపు నాడి పని పంచుకుంటుంది, మనిషికి తెలియకుండానే గొంతు సర్దుకుంటుంది. అదే నాడి ఆపరేషన్ బల్ల మీద ఒక్క ఉదయంలో తెగితే ఆ సర్దుబాటుకు వ్యవధి లేదు. మంచినీళ్లు తాగితే పొలమారుతుంది, గొంతు బొంగురుపోతుంది, తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. ముప్పై ఏళ్ల మనిషి కొన్ని నెలల్లో కోలుకోవచ్చు. డెబ్బై ఏళ్ల ముసలమ్మకు ముక్కు గొట్టంతోనే రోజులు గడిచే ప్రమాదముంది. నెమ్మదిగా పెరిగే గడ్డను పూర్తిగా తీసేందుకు ఈ మూల్యం అందరూ చెల్లించాలా అన్న ప్రశ్న ఆపరేషన్లు చేసేవారి నుంచే వచ్చింది.

రేడియేషన్ ఈ జబ్బుకు కొత్తది కాదు. మన ఊళ్లలో కరెంటు పెట్టించుకోవడం అంటామే, ఆ వైద్యమే. ఐదు వారాలపాటు రోజుకు కొంచెం చొప్పున పాతిక విడతల్లో మొత్తం 45 నుంచి 50 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలమానం) మోతాదు ఇచ్చేవారు. దీని మీద శస్త్రవైద్యుల అభ్యంతరం గట్టిదే. రేడియేషన్ ఇచ్చిన ఏళ్ల తర్వాత తీసి చూసిన గడ్డల్లో కణితి కణాలు అలాగే కనిపించాయి. చావని కణితికి వైద్యం జరిగిందని ఎలా అంటాం? దానికి జవాబుగా వచ్చినదే ఈ చర్చ మొత్తానికీ మూలం: కణాలు మిగిలినా వాటి చుట్టూ ఉన్న రక్తనాళాలు మందమై, పీచుకట్టి, గడ్డ పెరగడం మానేస్తుంది. పెరగని గడ్డ మనిషిని చంపదు. క్యాన్సర్ గడ్డ విషయంలో ఎవరూ ఒప్పుకోని బేరం ఇది. ఇంత నెమ్మది గడ్డ కాబట్టే ఇక్కడ చెల్లుతుంది.

ఆ రేడియేషన్‌ని ఒక్క విడతలో, మిల్లీమీటరు గురితో ఇవ్వడమే రేడియోసర్జరీ. ఆ మాటను 1951లో పుట్టించింది స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్. పుర్రె తెరవకుండా మెదడు లోతుల్లో పని చేయాలన్నది ఆయన పట్టుదల. భౌతిక శాస్త్రవేత్త బోరియే లార్సన్‌తో కలిసి కట్టిన తొలి గామా నైఫ్‌లో 1968లో స్టాక్‌హోమ్‌లో మొదటి రోగికి వైద్యం జరిగింది. అందులో 179 కోబాల్ట్-60 మూలాలుండేవి. ఒక్కోదాని కిరణం బలహీనమే, దారిలోని మెదడుకు పెద్దగా హాని చేయదు. అన్నీ ఒక్క బిందువు దగ్గర కలిసినప్పుడే బలం. 1970లో లాడిస్లావ్ స్టైనర్ అదే యంత్రంతో మెదడులో చిక్కుపడిన రక్తనాళాల ముడికి, అంటే ఏవీఎంకు, తొలిసారి వైద్యం చేశాడు. ఏవీఎం కణితి కాదు, పుట్టుకతో వచ్చే లోపం. అయినా రేడియేషన్ తగిలిన రక్తనాళాలు రెండు మూడేళ్లలో లోపల్నుంచి మూసుకుపోతాయన్న సంగతి వైద్యులు కళ్లారా చూసింది ఏవీఎంలలోనే.

గ్లోమస్ గడ్డలు మాత్రం ఇంకో రెండు దశాబ్దాలు ఆగవలసి వచ్చింది. కనబడని దానికి గురి పెట్టలేం కదా. ఏవీఎం యాంజియోగ్రామ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఎముకల మధ్య దాక్కున్న గడ్డ అంచులు తేలాలంటే సీటీ, ఆపైన ఎమ్మారై రావాలి. 1990ల్లోనే ఈ వైద్యం ఫలితాలు వరసగా బయటికొచ్చాయి. అమెరికాలో మేయో క్లినిక్ వారు చెప్పిన తొలి ఫలితాల్లోనే గడ్డలు పెరగడం ఆగిందని తేలింది.

రోగి వైపు నుంచి చూస్తే ఆ రోజు ఇలా ఉంటుంది. నుదుటి మీద, తల వెనక నాలుగు చోట్ల మత్తు సూది వేసి, తేలికైన లోహపు చట్రాన్ని మరలతో బిగిస్తారు. నొప్పి కాసేపే, బిగువు మాత్రం సాయంత్రం దాకా ఉంటుంది. చట్రంతోనే స్కాన్ తీస్తారు. న్యూరోసర్జన్, రేడియేషన్ వైద్యుడు, మెడికల్ ఫిజిసిస్ట్ ముగ్గురూ కూర్చుని, గడ్డకు ఎంత పడాలి, పక్కనున్న లోపలి చెవికీ మెదడు కాండానికీ ఎంత మించకూడదు అన్నది తెర మీద గీస్తారు. నా దృష్టిలో వైద్యం నాణ్యత తేలేది ఈ గంటల్లోనే. గడ్డ అంచు దగ్గర మామూలుగా 12 నుంచి 16 గ్రేల మధ్య ఇస్తారు. తర్వాత యంత్రంలో పడుకోవడమే. కోత లేదు, పూర్తి మత్తు లేదు, మరునాడు ఇంటికి వెళ్లొచ్చు. కోబాల్ట్ బలం సుమారు ఐదేళ్ల మూడు నెలలకొకసారి సగానికి పడిపోతుంది కాబట్టి, పాతబడ్డ మూలాలున్న యంత్రంలో అదే మోతాదుకు ఎక్కువసేపు పడుకోవాలి. ఫలితం అదే, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి.

ఇక ఫలితాలు. ఉత్తర అమెరికాలోని పలు గామా నైఫ్ కేంద్రాలు కలిసి 2012లో 132 మంది రోగుల వివరాలు ప్రచురించాయి. అంచు మోతాదు మధ్యస్థంగా 15 గ్రేలు, గమనించిన కాలం మధ్యస్థంగా నాలుగేళ్లకు పైచిలుకు. గడ్డ అదుపులో ఉన్నది 93 శాతం మందిలో. ఐదేళ్ల దగ్గర లెక్కగడితే 88 శాతం. చెవిలో హోరు ఉన్నవారిలో 49 శాతం మందికి తగ్గింది. 15 శాతం మందికి కపాల నాడుల్లో కొత్త బలహీనత వచ్చింది, లేదా ఉన్నది పెరిగింది. 11 శాతం మందికి అది మెరుగైంది. 2011లో వచ్చిన మరో విశ్లేషణ పాత నివేదికలన్నిటినీ కలిపి 869 మందిని లెక్కలోకి తీసుకుంది. మొత్తం గడ్డను తీసినవారిలో అదుపు 86 శాతం, కేవలం రేడియోసర్జరీ చేసినవారిలో 95 శాతం.

ఈ అంకెలు చూసి చాలామంది విజయం ప్రకటించారు. నేను అంత తొందరపడను. కారణం గడ్డ స్వభావంలోనే ఉంది. నెదర్లాండ్స్‌లో లైడెన్ వైద్యులు తల, మెడ ప్రాంతపు పారాగాంగ్లియోమాలను ఏ వైద్యమూ చేయకుండా ఏళ్ల తరబడి స్కాన్లతో గమనించి 2000లో ఫలితాలు చెప్పారు. 26 మందిలో 48 గడ్డలు. వాటిలో పెరిగినవి 60 శాతమే. మధ్యస్థ వేగం ఏడాదికి ఒక మిల్లీమీటరు. అంటే ఏమీ చేయకపోయినా పదింట నాలుగు గడ్డలు అలాగే ఉండిపోయాయి. అలాంటప్పుడు నాలుగేళ్లు చూసి పెరగలేదు గనక అదుపులో ఉంది అంటే, అందులో రేడియేషన్ గొప్ప ఎంత, గడ్డ మందకొడితనం ఎంత? రేడియోసర్జరీనీ, ఆపరేషన్‌నీ, వేచి చూడడాన్నీ చీటీ వేసి పంచి పోల్చిన పరీక్ష ఈ జబ్బులో జరగలేదు. ఇంత అరుదైన జబ్బులో జరగడం కష్టం కూడా. పైగా ఆపరేషన్‌కు పోయినవి తరచు పెద్ద గడ్డలు, రేడియోసర్జరీకి వచ్చినవి చిన్నవి. 86నూ 95నూ పక్కపక్కన పెట్టి చూపడం న్యాయమైన పోలిక కాదు.

ఈ అనుమానానికి గట్టి ఊతం మరో కణితి నుంచి వస్తుంది. హెమాంజియోబ్లాస్టోమా కూడా రక్తనాళాల గడ్డే, ఎక్కువగా చిన్న మెదడులో వస్తుంది. వాన్ హిపెల్-లిండావ్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారిలో ఒకటి కాదు, పదులకొద్దీ పుడతాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వైద్యులు అలాంటి 20 మందిలో రేడియోసర్జరీ చేసిన 44 గడ్డలను ఏళ్ల తరబడి గమనించి 2010లో చెప్పిన లెక్క ఇది: రెండేళ్లకు 91 శాతం అదుపు, ఐదేళ్లకు 83, పదేళ్లకు 61, పదిహేనేళ్లకు 51. రెండేళ్ల దగ్గర ఆపి ఉంటే అదీ గొప్ప విజయంగానే కనబడేది. ఇబ్బంది పెట్టని గడ్డలకు ముందుజాగ్రత్తగా రేడియోసర్జరీ చేయవద్దని వారు తేల్చారు. గ్లోమస్ గడ్డలదీ ఇదే దారి అనను, ఎందుకంటే రెండూ వేరువేరు జాతులు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు పాతిక విడతల పద్ధతిలో 131 మందికి చేసిన వైద్యాన్ని చాలాకాలం గమనించి 2014లో చెప్పిన ఫలితం ఐదేళ్లకు 99, పదేళ్లకు 96 శాతం. అది నిజంగా ఊరటనిచ్చే అంకె, ఎందుకంటే అక్కడ గడియారం పదేళ్లు తిరిగింది. ఒక్క విడత రేడియోసర్జరీ కూడా అంతటి దీర్ఘకాలపు లెక్క చూపాలి.

అనుమానాలన్నీ పక్కన పెట్టి చూడదగ్గ ఒక చోటు కూడా ఉంది. కంటి వెనక, పీయూష గ్రంథి పక్కన ఉండే కావర్నస్ సైనస్‌లో హెమాంజియోమా అనే రక్తపు గడ్డ వస్తుంది. ఆపరేషన్‌లో విపరీతంగా రక్తం పోతుందని శస్త్రవైద్యులు భయపడే కణితి ఇది. రేడియోసర్జరీ చేస్తే ఇది ఆగడమే కాదు, కరిగిపోతుంది. జపాన్, తైవాన్, చైనా కేంద్రాల నివేదికల్లో చాలామందికి గడ్డ సగానికి పైగా తగ్గింది, వంకరపోయిన చూపు చక్కబడింది. పెద్ద గడ్డలైతే షాంఘైలో మూడు విడతలుగా ఇచ్చి మంచి ఫలితం చూపారు. ఊరికే వదిలేస్తే ఈ గడ్డ తనంతట తాను ఇలా కుంచించుకుపోదు. కాబట్టి ఇక్కడ పేరు ఎవరికి దక్కాలన్న పేచీ లేదు. స్కాన్‌లో ఈ గడ్డ అని స్పష్టంగా గుర్తుపడితే ముందు అడగవలసింది రేడియోసర్జరీనే అని నిశ్చయంగా రాస్తున్నాను.

మగపిల్లల్లో కౌమారంలో ముక్కు వెనక పుట్టే ఆంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల గడ్డ సంగతి దీనికి తలకిందులు. అక్కడ ఆపరేషనే ముందు. పదిహేనేళ్ల పిల్లవాడికి రేడియేషన్ ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు, వెనకాడాలి కూడా. కత్తికి అందని ముక్క మెదడు వైపు మిగిలితేనే ఆ ఆలోచన.

రేడియేషన్ వల్ల మళ్లీ క్యాన్సర్ రాదా అన్న భయం చాలామందికి ఉంటుంది. 2019లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన బహుళదేశాల అధ్యయనం, రేడియోసర్జరీ చేయించుకున్న 4,905 మందిని పరిశీలించి, ఆ ముప్పు మామూలు జనంలో ఉన్నంతే అని తేల్చింది. లక్ష మందిని ఏడాదిపాటు చూస్తే ఏడుగురి కంటే తక్కువే. ఈ భయం కారణంగా యాభై దాటినవారు వెనక్కి తగ్గనక్కర్లేదు.

గ్లోమస్ గడ్డ ఉన్న ప్రతివారికీ రేడియోసర్జరీ సరిపోదు. గడ్డ పెద్దదై మెదడు కాండాన్ని నొక్కుతుంటే ఆగడం చాలదు, చోటు ఖాళీ కావాలి, దానికి కత్తే కావాలి. అలాంటిచోట ఇప్పుడు కొందరు శస్త్రవైద్యులు నాడులకు అంటుకున్న భాగాన్ని కావాలనే వదిలేసి, మిగతాది తీసి, వదిలిన ముక్కకు తర్వాత రేడియోసర్జరీ చేయిస్తున్నారు. ఇది నాకు నచ్చిన దారి. కత్తికీ కిరణానికీ పోటీ పెట్టడం మాని, ఏది ఎక్కడిదాకా అని అడిగినవారి పద్ధతి అది. మధ్యచెవికే పరిమితమైన చిన్న గడ్డను, గ్లోమస్ టింపానికమ్‌ను, చెవి డాక్టరు తేలిగ్గా తీసేయగలడు, అక్కడ రేడియేషన్ అవసరమే లేదు. నూటికి ఒకటి నుంచి మూడు గడ్డలు అడ్రినలిన్ జాతి హార్మోన్లు వదులుతాయి. తలనొప్పి, చెమటలు, గుండెదడ, అకస్మాత్తుగా పెరిగే బీపీ ఉంటే రక్తంలో మెటానెఫ్రిన్ పరీక్ష ఏ వైద్యానికైనా ముందు చేయించాలి. పరీక్ష లేకుండా మత్తు ఇస్తే ప్రాణాపాయం. ఇక, ఏ ఇబ్బందీ పెట్టని చిన్న గడ్డతో డెబ్బై అయిదేళ్ల మనిషి వస్తే, ఏటేటా స్కాన్ తీస్తూ వేచి చూడడం నిర్లక్ష్యం కాదు, అదీ ఒక వైద్యమే.

ఇది ప్రమాదం లేని గడ్డ అన్న మాట మీద కూడా జాగ్రత్త అవసరం. చాలావరకు అది నిజమే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి పారాగాంగ్లియోమాలను ప్రమాదం లేనివి, క్యాన్సర్‌వి అని రెండుగా విడదీయడం మానేసింది. కొద్దిమందిలో ఇవి వేరే చోటికి పాకగలవు కాబట్టి. అలా పాకే ముప్పు ఎస్‌డీహెచ్‌బీ అనే జన్యువు లోపం ఉన్నవారిలో ఎక్కువ. ఇలాంటి గడ్డల్లో మూడింట ఒకటికి వంశపారంపర్య మూలముంది. దాని నడక వింతగా ఉంటుంది. 2000లో కనుక్కున్న మరో జన్యువు ఎస్‌డీహెచ్‌డీ లోపం తండ్రి నుంచి బిడ్డకు వస్తేనే సాధారణంగా గడ్డలు పుడతాయి. తల్లి నుంచి వస్తే దాదాపుగా పుట్టవు. కానీ ఆ బిడ్డ కొడుకైతే అతని సంతానానికి మళ్లీ ముప్పే. తరం దాటి కనిపించేసరికి ఇది వంశంలో లేదనుకుంటారు. మనవాళ్లు వెంటనే మేనరికాల మీదకి నెపం తోస్తారు, ఈ జబ్బుకు మేనరికంతో పని లేదు, ఒక్క వైపు నుంచి వచ్చిన లోపమే చాలు. అందుకే నాన్నకో, మేనత్తకో, చిన్నాన్నకో మెడలో గడ్డ తీశారా అన్నది డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

మన దగ్గరి సంగతి కొంత. ఢిల్లీ ఎయిమ్స్‌లో గామా నైఫ్ 1997 నుంచి ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌కు రాయలసీమ నుంచి, వేలూరు సీఎంసీకి చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి మెదడు జబ్బులవాళ్లు ఎప్పటినుంచో వెళుతూనే ఉన్నారు. స్వతంత్ర భారతంలో తొలి న్యూరోసర్జరీ విభాగం 1949లో జాకబ్ చాందీ ప్రారంభించింది వేలూరులోనే. గామా నైఫ్ ఒక్కటే ఈ వైద్యానికి దారి కాదు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఆడ్లర్ రూపొందించిన సైబర్‌నైఫ్, మామూలు రేడియేషన్ యంత్రాలైన లీనాక్‌లలో తగిన అమరికలున్నవి కూడా ఇదే పని చేస్తాయి, మెడలోకి దిగిన గడ్డలకు అవే అనువు. యంత్రం పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసి ఉంటే జనం దాన్ని చూసి వెళతారు. నా మాట వింటే యంత్రం పేరు కన్నా ముందు, ఇలాంటి గడ్డలు ఏడాదికి ఎన్ని చూస్తున్నారు, చెవి శస్త్రవైద్యుడు, న్యూరోసర్జన్, రేడియేషన్ వైద్యుడు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నిర్ణయం చెబుతున్నారా అని అడగండి. ఒక్కరే ఉన్నచోట, ఆ ఒక్కరికి వచ్చిన విద్యే సలహాగా వస్తుంది.

మొదటి మెట్టు దగ్గర జరిగే పొరపాటే అన్నిటికన్నా ప్రమాదం. కర్ణభేరి వెనక ఎర్రగా కొట్టుకునే దేన్నీ ముక్క తీసి పరీక్షకు పంపనివ్వకండి. అది గ్లోమస్ గడ్డయితే రక్తం ఆగదు. పైకి వచ్చిన సిర ఉబ్బో, దారి తప్పిన కెరోటిడ్ ధమనో అయితే ఇంకా ఘోరం. ముందు సీటీ, ఎమ్మారై. ఆ మొదటి స్కాన్ సీడీనీ, రిపోర్టునూ పాత కాగితాలతో కలిపి పారేయకుండా దాచండి. గడ్డ ఆగిందా, పెరిగిందా అన్నది పదేళ్ల తర్వాత ఏ డాక్టరు చెప్పాలన్నా మొదటి రోజు తీసిన ఆ బొమ్మ పక్కన పెట్టి చూడవలసిందే.